మాటకు తిరుగులేదు, ఖజానాకు దిక్కులేదు: ఫ్రెంచి రాచరికం కూలిన తీరు

1788లో ఫ్రాన్స్ ఆర్థికశాఖ తయారుచేసిన లెక్కల ప్రకారం ఆ ఏడాది రాబడి 50 కోట్ల 30 లక్షల లీవ్రులు (లీవ్రు అప్పటి ఫ్రెంచి డబ్బు), ఖర్చు 62 కోట్ల 90 లక్షలు. ఆ ఖర్చులో సగానికి పైగా, అంటే 31 కోట్ల 80 లక్షలు, పాత అప్పుల వడ్డీలకూ వాయిదాలకే పోయేది. సైన్యం, నౌకాదళం, విదేశాంగం కలిపి పావు వంతు పైచిలుకు. ఇక వెర్సాయ్ రాజభవనంలోని దర్బారు సంగతి. వంటశాలలు, వేటకుక్కలు, రాజబంధువుల భత్యాలు, రాణిగారి దుస్తులు అన్నీ కలిపినా ఆరు శాతం దాటలేదు.

రాణి దుబారా వల్లే దేశం దివాలా తీసిందనే కథ ఈ లెక్క ముందు నిలవదు. ‘రొట్టె లేకపోతే కేకు తినమనండి’ అన్న మాట కూడా ఆ రాణి, 16వ లూయీ భార్య మేరీ ఆంటోనెట్‌ది కాదు. ఒక గొప్ప యువరాణి అన్నదంటూ తత్వవేత్త రూసో తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయన ఆ భాగం రాసేనాటికి ఆంటోనెట్ వియన్నాలో ఆడుకుంటున్న చిన్నపిల్ల.

అప్పు ఉండటం ఒక్కటే కూడా కారణం కాదు. అదే సమయంలో బ్రిటన్ నెత్తిమీదా దాదాపు అంతే అప్పు ఉంది. బ్రిటన్ జనాభా చూస్తే ఫ్రాన్స్‌లో మూడో వంతు. తలసరి పన్నూ అక్కడే ఎక్కువ. అయినా బ్రిటన్‌కు మూడు నాలుగు శాతం వడ్డీకి అప్పు పుట్టేది, ఫ్రాన్స్‌కు ఎనిమిది నుంచి పది శాతం ఇస్తే గాని పుట్టేది కాదు. రెండు కోట్ల ఎనభై లక్షల జనం, ఐరోపాలోనే మేలైన సాగుభూములు, మాట జవదాటే సభ ఒక్కటీ లేని రాజు. ఇన్ని ఉన్న దేశానికి అప్పు పుట్టకపోవడం ఏమిటన్నదే తేల్చుకోవలసిన విషయం. ఫ్రెంచి రాజులు రొక్కం అవసరమైనప్పుడల్లా తమ అధికారాన్నే ముక్కలుచేసి అమ్ముకున్నారు. వాటిని కొనుక్కున్నవాళ్లే చివరికి అడ్డం తిరిగారు.

రాజు చేతిలో ఏముంది, ఏం లేదు

14వ లూయీ 1643లో గద్దెనెక్కేనాటికి అయిదేళ్లు కూడా నిండలేదు. ఆయన పదేళ్ల వయసులో ఉండగా పన్నుల గొడవ మీద పారిస్ న్యాయాధీశులు, ఆ వెనకే పెద్ద ప్రభువులు తిరగబడ్డారు. 1649 జనవరిలో రాజకుటుంబం రాత్రికి రాత్రి పారిస్ విడిచి పారిపోవలసి వచ్చింది. ఆ తిరుగుబాటు 1653 దాకా సాగింది. 1661లో మంత్రి మజరాఁ చనిపోగానే ఇక ప్రధానమంత్రి ఎవరూ ఉండరని, అన్నీ తానే చూసుకుంటానని రాజు ప్రకటించాడు. ఆర్థికాధికారి ఫూకేను అదే ఏడు సెప్టెంబరులో అరెస్టు చేయించాడు. 1682లో దర్బారును వెర్సాయ్‌కి మార్చాడు. ‘నేనే రాజ్యం’ అని ఆయన అన్నట్టు సమకాలీన ఆధారం ఏదీ లేదు గాని, పనులు మాత్రం ఆ మాటకు తగ్గట్టే జరిగాయి.

రాజు ముద్ర వేసిన ఒక్క ఉత్తరం చాలు, విచారణ లేకుండా ఎవరినైనా జైల్లో పెట్టడానికి. యుద్ధం, సంధి, నియామకాలు అన్నీ ఆయన ఇష్టం. రాష్ట్రాలలో ముప్పై మంది చిల్లర ఇంటెండెంట్లు ఆయన తరఫున పెత్తనం చేసేవారు. మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు కలిసి కూర్చునే ‘ఎస్టేట్స్ జనరల్’ సభను 1614 తర్వాత పిలవనే లేదు.

పన్ను దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ మారిపోయేది. బ్రిటనీ, లాంగ్‌డాక్, బర్గండీ లాంటి ప్రాంతాలు ఫ్రాన్స్‌లో కలిసేటప్పుడే తమ సభలు, తమ మినహాయింపులు నిలుపుకున్నాయి. ఎంత కట్టాలన్నది అక్కడ బేరమాడి తేల్చుకోవాలి. చర్చి పన్నే కట్టదు. అయిదేళ్లకోసారి తన మహాసభలో కూర్చుని ‘స్వచ్ఛంద కానుక’ పేరుతో తనకు తోచినంత ఇస్తుంది. ప్రభువులకు ప్రధానమైన భూమిపన్ను, ‘తాయ్’, మాఫీ. ఎన్నో పట్టణాలు ఎప్పుడో డబ్బుకట్టి దాని నుంచి బయటపడ్డాయి.

యుద్ధాల ఖర్చు తట్టుకోలేక 14వ లూయీ 1695లో తలపన్ను పెట్టాడు. దేశాన్నంతా 22 తరగతులుగా విడదీశాడు. పైతరగతిలో యువరాజు 2,000 లీవ్రులు కట్టాలి, అట్టడుగున కూలివాడు ఒక్క లీవ్రు. పుట్టుకను బట్టి కాకుండా స్తోమతును బట్టి ప్రభువు చేతా పన్ను కట్టించాలన్న ఆలోచన ఆ కాలానికి చాలా పెద్ద అడుగు. అయితే చర్చి ఒక మొత్తం చెల్లించి తప్పుకుంది. ప్రభువుల మీద మదింపు ఏటికేడు సడలింది. రైతుకు మాత్రం అది ‘తాయ్’ మీద మరో వడ్డింపుగా మిగిలిపోయింది. 18వ శతాబ్దంలో వచ్చిన ప్రతి సంస్కరణకూ ఇదే గతి పట్టింది. 1715 సెప్టెంబరు 1న రాజు చనిపోయేనాటికి అప్పు 200 కోట్ల లీవ్రులు దాటింది.

అమ్మకానికి పదవులు

ఫ్రాన్స్‌లో జడ్జి పదవి ఆస్తి. కొనుక్కోవచ్చు, కట్నంగా ఇవ్వచ్చు, కొడుక్కి రాసివ్వచ్చు. 1604లో దీనికి ఒక ఏర్పాటు జరిగింది. పదవి విలువలో అరవయ్యో వంతు ఏటా రాజుకు కడుతుంటే అది వంశపారంపర్యంగా ఉండిపోతుంది. 18వ శతాబ్దం నాటికి ఇలాంటి పదవులు సుమారు 70,000 అని చరిత్రకారుల అంచనా. ఇందులో హైకోర్టు జడ్జీలున్నారు, పన్నులు వసూలుచేసే ఖజానాదారులున్నారు, నోటరీలున్నారు, సంతలో పంది నాలుక పట్టిచూసి రోగం ఉందో లేదో చెప్పే తనిఖీదారూ ఉన్నాడు. యుద్ధం వచ్చిన ప్రతిసారీ కొత్త పదవులు పుట్టుకొచ్చేవి. ‘మహారాజులవారు ఒక పదవిని సృష్టించినప్పుడల్లా దాన్ని కొనే ఒక మూర్ఖుణ్ణి దేవుడు సృష్టిస్తాడు’ అని 14వ లూయీతో ఆయన ఆర్థికమంత్రి పోంషార్‌త్రాఁ అన్నట్టు చెబుతారు. కొన్నవాళ్లు మూర్ఖులేమీ కాదు. లెక్క చూస్తే తెలుస్తుంది.

కొనేవాడు అసలు కట్టేస్తాడు. రాజు దాని మీద ఏటా జీతం పేరుతో కొంత ఇస్తాడు. అంటే ఇది తిరిగి తీర్చనక్కర్లేని అప్పు. వడ్డీ తక్కువగా ఉన్నా పదవితోపాటు చాలాసార్లు ‘తాయ్’ మినహాయింపు వస్తుంది, అసలు లాభం అదే. అన్నిటికన్నా ఖరీదైనవాటిలో ‘రాజుగారి కార్యదర్శి’ పదవి ఒకటి. 1780లలో దాని ధర లక్షా ఇరవై వేల లీవ్రుల దాకా పలికింది. చేయవలసిన పని దాదాపు ఏమీ లేదు. ఇరవయ్యేళ్లు పదవిలో ఉంటే, లేదా పదవిలో ఉండగా పోతే, ఆ కుటుంబం తరతరాలకూ ప్రభువర్గంలో చేరిపోతుంది. సామాన్యుడి మురికి వదిలించే సబ్బు అని జనం దీన్ని వెక్కిరించేవారు.

దీనివల్ల మూడు చోట్ల దెబ్బ తగిలింది. వ్యాపారంలో నాలుగు డబ్బులు వెనకేసిన ప్రతివాడూ పన్ను కట్టేవాళ్ల జాబితాలోంచి జారుకున్నాడు. ఫ్యాక్టరీకో ఓడలకో పోవలసిన పెట్టుబడి పదవుల్లో పడి కదలకుండా కూర్చుంది. మూడోది రాజకీయంగా అన్నిటికన్నా బరువైనది. సొమ్ము వెనక్కిస్తే తప్ప రాజు తన జడ్జిని తాను తీసేయలేడు. వెనక్కివ్వడానికి సొమ్ము ఉంటే అసలు అమ్మి ఉండేవాడే కాదు.

ఊళ్లో వసూలు

‘తాయ్’ ఎంతన్నది రాజుగారి మండలిలో తేలేది. అక్కడి నుంచి రాష్ట్రాల వాటా, తర్వాత తాలూకాల వాటా, చివరికి ఊరి వాటా. ఊరికి చేరేది ఒకటే అంకె: మీ గ్రామం ఇంత కట్టాలి. ఎవరు ఎంత కట్టాలన్నది ఊళ్లోవాళ్లే వంతులవారీగా వసూలుదారులై పంచాలి. వసూలుదారుకు చదువు రావచ్చు, రాకపోవచ్చు. ఎవరి ఆస్తి ఎంతో చెప్పే సర్వే పుస్తకం ఉత్తరాదిలో చాలాచోట్ల లేదు. కంటికి కనిపించిందే లెక్క. అందుకని రైతు కనపడనిచ్చేవాడు కాదు. మంచి ఆవును కొనడు, కూలిన కప్పు బాగుచేయించడు, చేతిలో డబ్బున్నా గడువు దాటేదాకా కట్టడు. ముందుగా కట్టినవాడికి వచ్చే ఏడు వాటా పెరుగుతుందని ఊరందరికీ తెలుసు.

మొత్తం తక్కువపడితే వసూలుదారు సొంత ఆస్తి జప్తవుతుంది, కొన్నిసార్లు జైలు. అప్పటికీ పూడకపోతే ఊళ్లో ఎక్కువ పన్ను కట్టే నలుగురిని పట్టుకుని బకాయి రాబట్టేవారు. అంటే వేళకు కట్టినవాడే ఎగ్గొట్టినవాడికి జామీను. ఈ ఉమ్మడి బాధ్యతను 1775లో గాని తీసేయలేదు.

ఉప్పుపన్ను ‘గాబెల్’ ఇంకో విడ్డూరం. దేశం ఆరు మండలాలు, ఆరు రకాల ధరలు. పారిస్ చుట్టుపక్కల ఉండే ‘పెద్ద గాబెల్’ మండలంలో ఎనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషి పేరునా ఏటా ఏడు పౌన్లు, అంటే సుమారు మూడున్నర కిలోల ఉప్పు, సర్కారు కొట్లో కొనితీరాలి. అదీ వంటకూ, అన్నం బల్ల మీదికీ మాత్రమే. దాంతో పందిమాంసం ఊరేస్తే నేరం, ఊరేయడానికి వేరే ఉప్పు మళ్లీ కొనాలి. పొరుగున ఉన్న బ్రిటనీలో ఉప్పుపన్నే లేదు. సరిహద్దుకు అటూ ఇటూ ధరలో ఇరవై రెట్ల తేడా. అంత లాభం కళ్లెదుట ఉంటే దొంగరవాణా ఆగుతుందా? పిల్లలు, గర్భిణులు, మూటలు మోయడం నేర్పిన కుక్కలు కూడా ఆ పనిలోకి దిగాయి. ఆయుధంతో దొరికిన మగవాడికి ఓడల్లో తెడ్లు వేసే శిక్ష పడేది.

ఈ పరోక్ష పన్నుల వసూలును సర్కారు చూసేది కాదు, ఇజారాకు ఇచ్చేసింది. 1726 నుంచి మొత్తం కలిపి ఆరేళ్లకోసారి ఒకే ఇజారా. ఇజారాదారులు నలభై మంది, 1755 తర్వాత అరవై మంది. ఒప్పందం మీద ఉండే పేరు ఒక బినామీది, చాలాసార్లు ఎవరో నౌకరుది. వెనక పూచీ మాత్రం ఈ అరవై మందిది. ఒప్పుకున్న సొమ్ము రాజుకు ముందుగా అడ్వాన్సులతో సహా ఇస్తారు, పైన మిగిలింది వాళ్లది. వాళ్ల దగ్గర 20 వేల పైచిలుకు కాపలా బలగం ఉండేది. రాజుకు దీనిలో నికరమైన రాబడి కనిపించింది. జనానికి కనిపించింది ఇళ్లు సోదాచేసే గార్డు. రసాయనశాస్త్రవేత్త లవాయిజె కూడా 1768 నుంచి ఈ ఇజారాలో వాటాదారే. పారిస్‌లోకి దొంగసరుకు రాకుండా ఊరి చుట్టూ గోడ కట్టాలన్న సలహా ఆయనదే. 1780ల నడుమ మొదలుపెట్టిన ఆ గోడ సుంకపు గేట్లకు 1789 జూలైలో, బాస్టీ (బాస్టిల్) కోట పడకముందే, జనం నిప్పు పెట్టారు. ఆయన తల 1794 మే 8న మరో 27 మంది ఇజారాదారులతో పాటు గిలటిన్ కింద తెగింది.

ప్రభువులు పన్నే కట్టలేదనడం కూడా సరికాదు. తలపన్ను కట్టారు, 1749లో ఆర్థికమంత్రి మషో పెట్టిన ఇరవయ్యో వంతు పన్నూ కట్టారు. కట్టవలసినంత కట్టలేదన్నది నిజం. ఆదాయం తామే చెప్పుకోవడం, మదింపు చేసే అధికారి తమ విందుకు వచ్చేవాడు కావడం ఇందుకు కారణాలు. చర్చి ఆ కాస్తకు కూడా ఒప్పుకోలేదు. 1751 చివరికి 15వ లూయీ దాని మీదికి పోవడం మానుకున్నాడు.

న్యాయాధీశుల మెలిక

ఫ్రాన్స్ ‘పార్లెమా’కూ బ్రిటన్ పార్లమెంటుకూ పోలిక లేదు. ఇది ఎన్నికైన సభ కాదు, కొనుక్కున్న జడ్జీల ఉన్నత న్యాయస్థానం. 1789 నాటికి ఇలాంటివి దేశంలో 13, పారిస్‌ది అన్నిటికన్నా పెద్దది. రాజు శాసనం చట్టంగా అమలు కావాలంటే ఇక్కడి రిజిస్టరులో ఎక్కాలి. నచ్చకపోతే జడ్జీలు అభ్యంతర పత్రం రాసి పంపుతారు. ఎక్కించమని రాజు ఆజ్ఞ పంపుతాడు. వాళ్లు మళ్లీ రాస్తారు. చివరికి రాజే స్వయంగా వచ్చి, పందిరి కింద దిండ్ల ఆసనం మీద కూర్చుని, తన ఎదుట ఎక్కింపజేస్తాడు. ఆయన అటు వెళ్లగానే అది చెల్లదని వీళ్లు తీర్మానం చేసేవారు, లేదా కోర్టు మూసి కూర్చునేవారు. రాజు వాళ్లను పల్లెటూళ్లకు తరిమేవాడు. వ్యాజ్యాలు ఆగిపోయి ఊరంతా గోల, కొన్ని నెలలకు రాజీ.

అభ్యంతర పత్రాలను అచ్చువేసి వీధుల్లో అమ్మడం 18వ శతాబ్దం మధ్య నుంచి మామూలైపోయింది. స్వేచ్ఛ, జాతి, మూలచట్టాలు అనే మాటలు జనం నోళ్లలో నానడానికి తత్వవేత్తల పుస్తకాల కన్నా ఈ చవక కాగితాలే ఎక్కువ పనిచేశాయంటే అతిశయోక్తి కాదు. విచిత్రం ఏమిటంటే ఆ జడ్జీలు కాపాడుకుంటున్నది ముందుగా తమ మినహాయింపులనే.

ఈ పేచీ ఫలితం తెలుగు నేల మీదా పడింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచి సైన్యం జీతాల కోసం ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. పారిస్ నుంచి డబ్బు రాదు కాబట్టి సైన్యాన్ని ఇక్కడి శిస్తుతోనే పోషించాలి. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి బుస్సీ ఫిరంగులు వెళ్లింది కూడా ఈ శిస్తు పెత్తనంలో భాగంగానే. మరుసటేడు కొత్త సేనాని లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. విజయనగరం ఆనందరాజు ఇంగ్లీషువాళ్లకు కబురుపెట్టాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు, 1759 ఏప్రిల్లో మచిలీపట్నం పోయింది. లాలీ సైన్యం మద్రాసు ముట్టడిలో జీతాల్లేక సతమతమైంది. ఇదంతా భాగమైన ఏడేళ్ల యుద్ధానికి (1756–63) వేసిన కొత్త పన్నులను పారిస్ పార్లెమా అడుగడుగునా అడ్డుకుంది. ఓడి వచ్చిన లాలీకి 1766 మేలో మరణశిక్ష వేసి తల తీయించిందీ ఆ పార్లెమాయే.

1771 జనవరిలో 15వ లూయీ మంత్రి మోపూ ఈ ముడిని తెంచాడు. రాత్రిపూట సైనికులు జడ్జీల తలుపు తట్టి, విధుల్లో చేరతారా లేదా, అవును కాదు అని రాసిమ్మన్నారు. కాదన్నవాళ్ల పదవులు రద్దు, ఊరి నుంచి బహిష్కారం. వాళ్ల స్థానంలో జీతం తీసుకునే కొత్త జడ్జీలు వచ్చారు. రాచరికం తనను తాను కాపాడుకోవడానికి చేసిన ప్రయత్నాల్లో గట్టిది ఇదే. మూడేళ్లు పనిచేసింది కూడా. 1774 మే 10న రాజు మశూచితో పోయాడు. కొత్త రాజు 16వ లూయీ, ఇరవయ్యేళ్లవాడు, ప్రజలు మెచ్చుకోవాలన్న కోరికతో, ఆ నవంబరులో పాత జడ్జీలను వెనక్కి పిలిచాడు. ఆయన పాలనలో అన్నిటికన్నా ఖరీదైన సంతకం బహుశా అదే.

జెనీవా ఆడపిల్లల మీద పందెం

తుర్గో 1774 ఆగస్టులో ఆర్థికమంత్రి అయినప్పుడు రాజుకు మూడు మాటలు చెప్పాడు: దివాలా వద్దు, పన్ను పెంపు వద్దు, కొత్త అప్పు వద్దు. ధాన్యం వ్యాపారం మీద ఆంక్షలెత్తేశాడు. ఆ ఏడు పంట తక్కువై 1775 వసంతంలో పిండి అల్లర్లు చెలరేగాయి. రైతులచేత రోడ్ల మీద చేయించే వెట్టిని తీసేసి భూయజమానులపై పన్నుగా మార్చబోతే పార్లెమా అడ్డుపడింది. 1776 మే 12న ఆయన్ను పంపించేశారు.

ఆ తర్వాత వచ్చిన నెకెర్ జెనీవా బ్యాంకరు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో దిగిన ఫ్రాన్స్‌కు 100 కోట్ల లీవ్రులకు పైగా కావలసి వచ్చింది. దాన్ని ఆయన పన్ను పెంచకుండా అప్పుతోనే నెట్టుకొచ్చాడు. ఎక్కువ భాగం జీవితకాల వర్షాసనాల రూపంలో. పద్ధతి ఇది: మీరు వెయ్యి లీవ్రులిస్తారు, ఒక మనిషిని పేర్కొంటారు. ఆ మనిషి బతికున్నన్నాళ్లూ ఏటా నూరు లీవ్రులు మీకు వస్తాయి. ఆ మనిషి పోతే అసలుతో సహా బాకీ చెల్లు. పేర్కొన్న మనిషి వయసు ఎంతైనా రేటు పది శాతమే. అరవై ఏళ్లవాడికీ ఏడేళ్ల పిల్లకూ అదే వడ్డీ.

జెనీవా బ్యాంకర్లు ఈ సందు పట్టేశారు. మంచి కుటుంబాల్లో ఏడెనిమిదేళ్ల ఆడపిల్లల్ని, మశూచి వచ్చి తగ్గినవాళ్లనో టీకాలు వేయించుకున్నవాళ్లనో, డాక్టర్ల చేత ఎంపిక చేయించారు. ఒకేసారి ముప్పై మంది పేర్ల మీద అప్పులు పంచి, ఆ మూటను వాటాలుగా మదుపరులకు అమ్మారు. ఆడపిల్లలే ఎందుకంటే మగపిల్లల కన్నా ఎక్కువకాలం బతుకుతారని లెక్క. ఒకరిద్దరు పోయినా మిగతావాళ్లు ఉన్నారు. అలాంటి పిల్ల ఇంకో యాభై ఏళ్లు బతికితే వెయ్యి లీవ్రులకు ఫ్రాన్స్ అయిదు వేలు కడుతుంది. ఊళ్లో ఆ పిల్లలకు జలుబు చేసినా ఎక్స్‌ఛేంజిలో గుసగుసలు పుట్టేవంటే ఆశ్చర్యం లేదు. వయసును బట్టి రేటు పెట్టడం డచ్చివాళ్లకు అప్పటికే నూరేళ్ల పైనుంచి తెలుసు. నెకెర్‌కూ తెలియకపోదు. కాని తొందరగా సొమ్ము కావాలి, పార్లెమాను పన్ను అడగకూడదు. అందుకని ఆకర్షణీయమైన రేటే దారి.

1781 ఫిబ్రవరిలో నెకెర్ రాజ్య బడ్జెటును అచ్చువేయించాడు. అప్పటిదాకా రాజరహస్యంగా ఉన్న లెక్కలు లక్ష ప్రతులకు దగ్గరగా అమ్ముడుపోయాయి. అందులో కోటి లీవ్రుల మిగులు చూపించాడు. ‘మామూలు’ ఖర్చులే చూపి యుద్ధఖర్చును పక్కన పెట్టడం వల్ల వచ్చిన మిగులు అది. అప్పులిచ్చేవాళ్లలో నమ్మకం కలిగించడానికి ఆ పుస్తకం బాగా పనికొచ్చింది. తర్వాత వచ్చిన ప్రతి మంత్రినీ ‘కోటి మిగులు ఏమైంది’ అన్న ప్రశ్న వెంటాడింది.

లోటు బయటపడ్డ తర్వాత

1786 ఆగస్టు 20న మంత్రి కలోన్ రాజుకు అసలు లెక్క విప్పాడు. ఏటా లోటు 11 కోట్ల లీవ్రులకు పైనే. వచ్చే ఏళ్ల పన్నుల మీద కూడా ముందుగానే అప్పులు వాడేసుకున్నారు. ఆ అడ్వాన్సులు ఇచ్చేదెవరు? పదవి కొనుక్కుని రాజుగారి పన్ను వసూలుచేసే ఖజానాదారులే. రాజుకు రావలసిన సొమ్మునే రాజుకు వడ్డీకి తిప్పేవారు. 1787 తొలినాళ్లలో వాళ్లలోనే పేరున్నవాళ్లు దివాలా తీయడం మొదలుపెట్టారు.

కలోన్ మందు సరైనదే. ప్రభువు, పాదిరి, రైతు తేడా లేకుండా భూమి మీద ఒకే పన్ను, పంటరూపంలో. పార్లెమా ఒప్పుకోదని తెలిసి, పక్కదారిలో ప్రముఖుల సభ పిలిచాడు. 1787 ఫిబ్రవరి 22న 144 మంది కూర్చున్నారు. పిలిచింది దాదాపు అంతా బిషప్పులు, రాకుమారులు, ప్రభువులు, జడ్జీలను. తమ మినహాయింపు తామే వదులుకోండని వాళ్లను అడగడం. వాళ్లు సూత్రాన్ని కాదనలేదు, లెక్కలు చూపమన్నారు, నెకెర్ మిగులు గుర్తుచేశారు. కొత్త పన్ను వేసే హక్కు ఎస్టేట్స్ జనరల్‌కే ఉందన్న మాట సభలోని ప్రభువు లాఫయెట్ నోట అక్కడే వచ్చింది. ఏప్రిల్ 8న కలోన్ పదవి పోయింది.

ఆర్చిబిషప్ బ్రియెన్ వచ్చి దాదాపు అదే ప్రణాళికతో పార్లెమాకు వెళ్లాడు. ఆగస్టులో జడ్జీల్ని త్రొయె పట్టణానికి పంపించి, సెప్టెంబరులో వెనక్కి పిలిచాడు. నవంబరు 19న 42 కోట్ల అప్పు శాసనాన్ని రిజిస్టరు చేయమని రాజు ఓటింగు లేకుండానే ఆజ్ఞాపించాడు. ఇది చట్టవిరుద్ధమని రాజు దాయాది ఓర్లెయాఁ డ్యూక్ లేచి అన్నాడు. 16వ లూయీ తడబడుతూ ‘నేను కోరుకున్నాను కాబట్టి ఇది చట్టబద్ధమే’ అన్నాడు. నిరంకుశాధికారానికి ఇంతకన్నా చక్కని నిర్వచనం దొరకదు. ఆ మాటతో ఖజానా మాత్రం నిలబడలేదు.

1788 మే 8న పార్లెమాల రిజిస్ట్రేషన్ హక్కునే తీసేశారు. జూన్ 7న గ్రెనోబుల్‌లో జనం ఇళ్ల కప్పులెక్కి సైనికుల మీద పెంకులు విసిరారు. జూలై 13న పారిస్ పరిసరాల్లో కోతకొచ్చిన పైరు మీద వడగళ్లు పడ్డాయి. పంట పోతే పన్ను రాదు, పన్ను రాకపోతే ఆ పన్ను మీద అడ్వాన్సు ఎవడిస్తాడు? ఆగస్టు 8న ఎస్టేట్స్ జనరల్‌ను వచ్చే మేలో సమావేశపరుస్తామని ప్రకటించారు. ఆగస్టు 16న ఖజానా చెల్లింపులు కొంత నగదుగా, కొంత కాగితాలుగా జరుగుతాయన్నారు. మర్యాదగా చెప్పినా దివాలా దివాలాయే. తొమ్మిది రోజులకు బ్రియెన్ రాజీనామా. నిరంకుశ రాచరికం నిజంగా ముగిసింది ఇక్కడే. బాస్టీ పతనానికి ఇంకా పదకొండు నెలలుంది.

న్యాయాధీశుల వీరత్వం కూడా అంతటితో సరి. మళ్లీ కొలువుకొచ్చిన పారిస్ పార్లెమా సెప్టెంబరు 25న ఎస్టేట్స్ జనరల్ 1614 నాటి పద్ధతిలోనే కూర్చోవాలంది. అంటే మూడు వర్గాలు విడివిడిగా, వర్గానికో ఓటు, ప్రభువులూ చర్చీ కలిస్తే రెండుకొకటి. రాత్రికి రాత్రి జనం వాళ్లను వదిలేశారు. డిసెంబరులో సామాన్యుల ప్రతినిధుల సంఖ్య రెట్టింపు చేశారు గాని, ఓటు తలకొకటా వర్గానికొకటా అన్నది తేల్చలేదు. ఈలోగా పారిస్‌లో నాలుగు పౌన్ల రొట్టె ఎనిమిది తొమ్మిది సూల (సూ అంటే లీవ్రులో ఇరవయ్యో వంతు) నుంచి 1789 ఫిబ్రవరికి పద్నాలుగున్నర సూలకు ఎక్కింది. కూలివాడి రోజు సంపాదన ఇరవై నుంచి ముప్పై సూలు.

మే 5న వెర్సాయ్‌లో సభ మొదలైంది. ఆరు వారాల పాటు కూర్చునే తీరు మీదే వాదన. జూన్ 17న సామాన్యుల సభ తనను జాతీయసభగా ప్రకటించుకుంది. అదే రోజు చేసిన మరో తీర్మానం గురించి పాఠ్యపుస్తకాలు పెద్దగా చెప్పవు. ప్రజల అనుమతి లేకుండా వేసినవి కనుక ఇప్పుడున్న పన్నులన్నీ చట్టవిరుద్ధం. అయినా ఈ సభ కొనసాగినన్నాళ్లూ వసూలు కావచ్చు. రాజ్యం చేసిన అప్పులకు జాతి పూచీ. సభను సైన్యంతో చెదరగొడితే ఆ క్షణం నుంచి పన్నులు ఆగిపోతాయి, అప్పులిచ్చినవాళ్లు ఏకంగా సభ పక్షానికి వస్తారు. మూడు రోజుల తర్వాత టెన్నిస్ కోర్టులో చేసిన ప్రమాణం కన్నా ఈ కాగితమే రాజును గట్టిగా కట్టిపడేసింది.

ఆగస్టు 4 రాత్రి ప్రభువుల హక్కులతో పాటు పదవుల అమ్మకమూ రద్దయింది. కొనుక్కున్నవాళ్లకు పరిహారం ఇస్తామన్నారు, అది పాత అప్పు మీద మరో అప్పు. నవంబరు 2న చర్చి భూములు జాతిపరం చేశారు. ఆ భూముల హామీతో డిసెంబరులో 40 కోట్ల లీవ్రుల ‘అసిన్యా’ అనే హామీ పత్రాలు అచ్చువేశారు. తర్వాత అచ్చు ఆగలేదు, విలువ నిలవలేదు. 1797 సెప్టెంబరులో రిపబ్లిక్ ప్రభుత్వం పాత అప్పులో మూడింట రెండొంతులు విలువలేని కాగితాలతో చెల్లగొట్టి, ఒక వంతు మాత్రం ఖాతాలో ఉంచింది. జెనీవాలో వర్షాసనాల మీద బతికిన కుటుంబాలు చాలా వరకు ఆ దశాబ్దంలోనే చితికిపోయాయి.